షాషమనె యాత్ర: రాస్తఫారీ మతమున ‘నేను’ అను పదము

1978వ సంవత్సరాంతమున జమైకాద్వీపవాసియు జగద్విఖ్యాతగాయకుఁడును నగు బాబ్ మార్లీ ఇథియోపియాదేశమునకుఁ బోయి, రాజధానియైన అడిస్ అబాబాకు దక్షిణమున సుమారు 250 కిలోమీటర్ల దూరమున నున్న షాషమనె యను పట్టణసీమలోఁ గొన్నాళ్లు తన మతస్థులతోఁ గలసి వసించెను. ఆతని మతమువారికి ఇథియోపియా పుణ్యభూమి. అందు షాషమనె తమ కొఱకే యొసఁగఁబడిన నేల. కాని యాతఁడు పోవునప్పటికి, ఆ మతమువారు దైవముగాఁ గొలిచిన చక్రవర్తి సింహాసనభ్రష్టుఁడై మరణించి మూఁడేండ్లు గడచినవి. ఆయన యొసఁగిన నేలయుఁ గ్రొత్త ప్రభుత్వమువారిచే హరింపఁబడెను. దేవుఁడును, దేవమాన్యమును లేని క్షేత్రమునకుఁ బోయిన యాత్రికునకు అందు లభించిన దేమి? ఈ ప్రశ్నకు సమాధానము ఆ యాత్రికుని జీవితచరిత్రమునఁ గొంత గలదు. ఆ మతమువారి భాషలో, అందును ఉత్తమపురుషసర్వనామమును వారు వాడు తీరులో, అంతకంటె నెక్కువ గలదు. ఈ రెంటిని గలిపి విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా మతోత్పత్తి కొంత తెలియవలయును. జమైకా కరిబియను సముద్రమునందలి దీవి. అది 1655 మొదలు 1962 వఱకు ఆంగ్లేయుల యధీనమున నుండెను. చెఱకుతోఁటలలోఁ బాటుపడుటకై ఆఫ్రికాఖండమునుండి లక్షలకొలఁది జనులు బానిసలుగాఁ దేఁబడిరి. వారికి 1838 ఆగస్టు 1వ తేదీన సంపూర్ణవిముక్తి కలిగెను. విముక్తులైనవారు తోఁటలు విడిచిపోఁగా, ఆ లోటు తీర్చుటకు హిందూదేశమునుండి ఒడంబడికకూలీలు రప్పింపఁబడిరి. 1845లో మొదటి యోడ చేరెను. 1917లో నా పద్ధతి నిలిచిపోయెను. ఈ నడుమఁ బోయినవారు సుమారు 36,000 మంది. వారిలోఁ గలకత్తా రేవున నోడ యెక్కినవారే యెక్కువ; మదరాసు రేవునఁ నెక్కినవారును గలరు. ఆ కూలీలతోఁ బాటు సంస్కృత ‘గంజా’ శబ్దమును ఆ దీవి చేరెను. మన గంజాయియు, జమైకావారి గాంజయు నొక్క మూలమునుండి వచ్చినవే. తరువాతికాలమున రాస్తఫారీయులు దీనిని మత్తునకుఁ గాక ధ్యానమునకు సాధనమని గ్రహించి, ప్రార్థనాంగముగాఁ జేసికొనిరి.

విముక్తి కలిగినను నేల కలుగలేదు, గౌరవము కలుగలేదు. ఈ వ్యథకు వాక్కిచ్చినవాఁడు 1887లో జమైకాయందుఁ బుట్టిన మార్కస్ గార్వీ. ఆతఁడు 1914లో నల్లజాతివారి యభ్యుదయమునకై యొక సంఘమును స్థాపించి, ఆఫ్రికా ఆఫ్రికావారిదే యని బోధించెను. ఆఫ్రికాలో నొక నల్లరాజునకుఁ బట్టాభిషేకము కాఁగలదనియు, విముక్తి యప్పుడు సమీపించుననియు నాతఁడు చెప్పెనని జనశ్రుతి. ఆ మాట యాతని వ్రాఁతలలోఁ గానరాదు. అయినను జనులు దానిని నమ్మిరి. 1930 నవంబరు 2వ తేదీన అడిస్ అబాబాలో రాస్ తఫరి మకొన్నెన్ అను రాజు హైలె సెలాసీ అను బిరుదనామముతోఁ జక్రవర్తియయ్యెను. ‘రాస్’ అనఁగా శిరస్సు, నాయకుఁడు. ‘తఫరి’ యనఁగా భయభక్తులఁ గొలుపువాఁడు. ‘హైలె సెలాసీ’ యనఁగాఁ ద్రిమూర్తిశక్తి. ఇచటఁ ద్రిమూర్తులనఁగాఁ గ్రైస్తవుల తండ్రి, కుమారుఁడు, పరిశుద్ధాత్మ. రాజాధిరాజు, యూదాగోత్రసింహము అను నాయన బిరుదములు బైబిలు చదివిన జమైకా పేదల చెవులకు భవిష్యద్వాక్యములవలె వినఁబడెను. అభిషేకమునకు ముందున్న పేరే మతమునకు నామమయ్యెను.

ఈ మతమును మొదట బోధించినవారిలో లెనర్డ్ హవెల్ ముఖ్యుఁడు. బ్రిటిషురాజునకుఁ గాక ఇథియోపియాచక్రవర్తికి భక్తులు కండని ప్రజలకుఁ జెప్పినందులకు 1934లో నాతనికి రాజద్రోహనేరమునఁ గారాగారశిక్ష విధింపఁబడెను. ఆతఁడు తన గ్రంథమును జి. జి. మారగ్ అను పేరుతోఁ బ్రకటించెను. ‘గంగున్‌గురు మారగ్’ అని దీని పూర్ణరూపము. ఇందలి గురుశబ్దము స్పష్టము. మారగ్ అనునది ‘మహారాజ్’ శబ్దమునకు వికృతియని పరిశోధకులు చెప్పుదురు. ఆఫ్రికాసంతతివాఁడు తన కొక గౌరవనామము కావలసినపుడు పొరుగుపాకలలోని హిందూకూలీల భాషనుండి దానిని దెచ్చికొనుట గమనింపఁదగినది. 1940లో హవెల్ సెయింట్ కాథరిన్ మండలమునఁ గొండపైఁ బినకిల్ అను నొక గ్రామమును నెలకొల్పి, అనుచరులతో సమష్టిజీవనము సాగించెను. రక్షకభటులు దానిపైఁ బలుమాఱు పడి, 1954లో దానిని విధ్వంస మొనర్చిరి.

ఇఁక భాష. రాస్తఫారీయులు మాటాడునది జమైకాలోని యింగ్లీషే. కాని వారు దానిని సంస్కరించిరి. ఇంగ్లీషున ఉత్తమపురుషైకవచనము కర్తయైనపుడు ‘ఐ’, కర్మయైనపుడు ‘మీ’. జమైకా జానపదభాషలో నీ భేదము లేదు. కర్తృస్థానమునను ‘మీ’ యనియే యందురు. రాస్తఫారీయులు దీనిలో దాస్యచిహ్నమును గనిరి. ఇతరుని క్రియకు గుఱియగువాఁడే కర్మ. తన్ను దాను కర్మరూపమునఁ జెప్పికొనువాఁడు తన్నెవరో కొట్టుటకు, అమ్ముటకు, పంపుటకు సమ్మతించినట్లే యని వారి భావము. కాఁబట్టి వారు ‘మీ’ యను రూపమును వర్జించి ‘ఐ’ యను రూపమునే యన్ని విభక్తులకును వాడఁదొడఁగిరి. కర్తకు లక్షణము స్వాతంత్ర్యమని పాణినీయులు చెప్పుదురు. పాణిని పేరైన నెఱుఁగని యీ జనులు ఆ సిద్ధాంతమునే తమ కష్టములలోఁ గనుఁగొని, సర్వనామమున నిలిపిరి.

అంతకంటెఁ జిత్రమైనది ‘ఐ అండ్ ఐ’ యను ప్రయోగము. ‘నేనును నేనును’ అని దీనికర్థము. నేను, నీవును నేనును, మేము, మనము అను నన్నిటికిని వారిదే మాట. సంస్కృతమున సర్వనామములు గూడినపుడు ఏకశేషము కలిగి యొకటి నిలుచును, తక్కినవి లోపించును. వాఁడును నీవును నేనును గలసినపుడు ఉత్తమపురుషమే మిగులును. రాస్తఫారీయులు లోపమున కొడఁబడలేదు. ఎదుటివాఁడు ‘నీవు’గా మిగులక తానును ‘నేను’ కావలయును. కాని యొక ‘నేను’లో నింకొక ‘నేను’ లీనమై పోరాదు. తెలుఁగున ‘మేము’, ‘మనము’ అను భేదము గలదు. ‘మనము’ ఎదుటివానిని గలుపుకొనును. ఇంగ్లీషున నీ భేదము లేదు. ఆ లోటును పూరించుచు, బహువచనమున వ్యక్తి మఱుఁగుపడకుండఁ గాపాడు పదమిది. చక్రవర్తి పేరు చివర ప్రథముఁడను నర్థమున వ్రాయు రోమను సంఖ్యయు ‘ఐ’ యను నక్షరమే. వారు దానిని సంఖ్యగాఁ జదువక సర్వనామముగాఁ జదివిరి. కాఁబట్టి రెండు ‘నేను’లలో నొకటి దేహి, రెండవది యంతర్యామి యని కూడ నర్థము చెప్పుకొందురు.

వారి నిర్వచనములు యాస్కుని రీతిని దలఁపించును. పీడించుట యను నర్థమిచ్చు ‘ఒప్రెస్’ శబ్దమున మొదటి యక్షరము జమైకా యుచ్చారణమున మీఁదు అను నర్థమిచ్చు ‘అప్’ శబ్దమువలె నుండును. పీడ మీఁదికెత్తునా, క్రిందికి ద్రొక్కునా? కావున వారు ‘డౌన్‌ప్రెస్’ అందురు. గ్రహించుట యను నర్థమిచ్చు ‘అండర్‌స్టాండ్’ శబ్దమునఁ గ్రిందనుండుట గలదు. గ్రహించినవాఁడు క్రింద నేల యుండవలయును? కావున ‘ఓవర్‌స్టాండ్’ అందురు. తమ సాత్త్వికాహారమునకు ‘వైటల్’ శబ్దపు మొదటి హల్లును దీసి ‘ఐటల్’ అని పేరిడిరి. శబ్దశాస్త్రదృష్టి నివి వ్యుత్పత్తులు కావు. అయినను అర్థమునకుఁ దగినట్లు శబ్ద ముండవలయునను పట్టుదల నిరుక్తకారులకును వీరికిని సమానమే.

ఇఁక షాషమనె. 1935లో నిటలీవారు ఇథియోపియాపై దండెత్తఁగా, ప్రపంచమందలి నల్లజాతివారు పలువురు ఆ దేశమునకుఁ దోడుపడిరి. 1937లో న్యూయార్కున మలాకు బయెన్ అను చక్రవర్తిబంధువు ఇథియోపియా ప్రపంచసమాఖ్యను స్థాపించెను. 1941లోఁ దన రాజధానికి మరలివచ్చిన చక్రవర్తి యా తోడ్పాటునకుఁ గృతజ్ఞతగా 1948లో షాషమనెయందు 200 హెక్టారుల భూమిని, స్వదేశమునకు మరలఁగోరు ఆఫ్రికాసంతతివారికై యొసఁగెను. ఈ వార్త 1955లో జమైకాయందుఁ బ్రకటింపఁబడెను. అంతకుమున్నే కొందఱు చేరియుండిరి. నోయెల్ డయర్ అను రాస్తఫారీయుఁడు 1964లో నింగ్లండునుండి బయలుదేఱి, ఉత్తరాఫ్రికా యెడారులు దాఁటి, పెక్కుభాగము కాలినడకన నించుమించు సంవత్సరకాలమునకు షాషమనె చేరెను. 1966 ఏప్రిలు 21వ తేదీనఁ జక్రవర్తియే జమైకాకు విచ్చేసెను. విమానాశ్రయమున నేల యీనినట్లు గుమికూడిన జనమును జూచి యాయన విమానమునుండి దిగుటకు సంకోచింపఁగా, మోర్టిమో ప్లానో అను రాస్తఫారీ పెద్ద సోపానములెక్కి జనమును శాంతింపఁజేసెను. తాను దేవుఁడనని చక్రవర్తి యెన్నఁడును జెప్పుకొనలేదు. ఆయన యితరక్రైస్తవులవలెఁ దనసంఘమున నొక భక్తుఁడు.

1974 సెప్టెంబరు 12వ తేదీన సైనికాధికారులు చక్రవర్తిని బదభ్రష్టునిఁ జేసిరి. 1975 ఆగస్టు 27వ తేదీన నాయన బంధనమందే మరణించెను. ఆ యేఁడే గ్రామీణభూమియంతయు జాతీయము కాఁగా, షాషమనెవాసుల నేలయు హరింపఁబడెను. పలువురు దేశము విడిచిరి. కొందఱు మాత్రము చిన్న చిన్న తోఁటలతో నిలిచిరి. ఇచ్చట నొక న్యాయవిషయమును గూడఁ జెప్పవలయును. దానము చేసినవాఁడు చక్రవర్తి, పుచ్చుకొన్నవారు సంప్రదానము. కాని యే నేలయు నెవరినుండియో రాక తప్పదు. ఆ సీమయందుఁ బూర్వమునుండి వసించు ఒరోమోకృషీవలులే యీ వాక్యమున నపాదానము. ఆ దానకథలో వారిని దలఁచువారు లేరు. దానముచే వచ్చిన నేల దాత పోయినతోడనే పోవుటకు నిదియు నొక కారణము.

ఇట్టి స్థితియందుఁ బోయినవాఁడు మార్లీ. ఆతఁడు 1945 ఫిబ్రవరి 6వ తేదీన జమైకాలోని నైన్ మైల్ అను గ్రామమునఁ బుట్టెను. తల్లి నల్లజాతిది, తండ్రి తెల్లజాతివాఁడు. చక్రవర్తి జమైకాకు వచ్చిననాఁడు మార్లీ అమెరికాలోఁ గూలిపనిలో నుండెను. ఆతని భార్య చక్రవర్తిని గనులారఁ జూచెను. తిరిగివచ్చినపిమ్మట మార్లీ ప్లానోకు శిష్యుఁడై మతసిద్ధాంతములు నేర్చెను. చక్రవర్తి మరణవార్త వినఁబడినపుడు, దైవము జీవించియే యున్నదని యర్థమిచ్చు ‘జా లివ్’ అను గీతమును 1975లోఁ బాడెను. 1963 అక్టోబరులో నైక్యరాజ్యసమితియందుఁ జక్రవర్తి వర్ణభేదమును ఖండించుచుఁ జేసిన ప్రసంగము 1976లో ‘వార్’ అను గీతముగా నాతని నోట వెలువడెను. రాజసభాగద్యము ప్రజాగేయముగా మాఱుటకు నిది యపూర్వోదాహరణము. ఆ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన నాయుధపాణులు కొందఱు ఆతని యింట జొఱఁబడి కాల్పులు జరుపఁగా నాతఁడు గాయములతో బయటపడెను. 1977లోఁ గాలివ్రేలియందు మారకవ్యాధి పొడచూపెను. 1978 ఏప్రిలు 22వ తేదీన గింగ్‌స్టన్ నగరమునఁ బాడుచు, పరస్పరవైరులైన రాజకీయనాయకుల నిరువురను వేదికపైఁ జేయిచేయిఁ గలిపించెను. ఇన్నిటికిఁ బిమ్మట ఆఫ్రికాయాత్ర.

షాషమనెలో నాతనికిఁ గానవచ్చినది మహాక్షేత్రము గాదు. ఆ కాలమున నచ్చట మిగిలినది కొన్ని కుటుంబములు మాత్రమే. దేశమంతట సైనికప్రభుత్వపు ఘోరశిక్షలు. తూర్పున సొమాలియాతోఁ బోరు అప్పుడే ముగిసినది. చక్రవర్తి పేరుచ్చరించుటయే ప్రమాదము. ఆతఁడు వచ్చిన పని సంగీతసభ కాదు. తనవారి పాకలలో వసించుట, వారితోఁ గూర్చుండి ముచ్చటించుట. రాస్తఫారీయులలో నిట్టి గోష్ఠికి ‘రీజనింగ్’ అని పేరు. అందు గురుశిష్యభేదము లేదు. ‘నేనును నేనును’ గూర్చుండి దైవమును, బైబిలును, లోకమును విచారించుటయే యందలి విధి. మూఁడువిధముల మద్దెలలు మ్రోయించుచుఁ గీర్తనలు పాడుటయుఁ గలదు. మన భజనగోష్ఠులను జూచినవారికి నిది క్రొత్తగాఁ దోఁపదు.

ఇచట నొక పూర్వపక్షము. దైవమనుకొన్నవాఁడు మరణించె, పుణ్యభూమి యన్యాధీనమయ్యె, కావున షాషమనెయాత్రచే నీ మతము ఖండింపఁబడినదేకాని సమర్థింపఁబడలేదని కొంద ఱందురు. యుక్తి గలదు. కాని యాత్రకుఁ బిమ్మట నాతని వాక్కు మూగవోవలేదు, దిశ మాఱినది. రొడీషియాలో నల్లజాతివారు తమ దేశమునకై తామే పోరాడుచున్న సమయమది. ఆ దేశమునకు వారు గోరిన నామముతోడనే ‘జింబాబ్వే’ యను పాటను మార్లీ ఇథియోపియావాసకాలమునఁ గట్టనారంభించెనని యాతని చరిత్రకారులు వ్రాయుదురు. 1979 అక్టోబరున వెలువడిన ‘సర్వైవల్’ అను గీతసంపుటమున నది చేరెను. ఆ సంపుటపు ముఖపత్రమున నాఫ్రికారాజ్యముల పతాకములు ముద్రింపఁబడెను. పుణ్యభూమిలోఁ గూర్చుండి యాతఁడు పుణ్యభూమిస్తోత్రము చేయలేదు. వేఱొకదేశపు విముక్తిని బాడెను.

ఇందు సిద్ధాంతము. షాషమనెవాసులు సంప్రదానముగా నుండిరి. ఈయఁబడినది తీసికొనఁబడును. జింబాబ్వేయోధులు కర్తలైరి. కర్మరూపమును సర్వనామమునుండి వెడలఁగొట్టిన మతము తన తీర్థమున సంప్రదానముగా మాత్రమే నిలిచియుండుట దాని హృదయమునకే విరుద్ధము. యాత్రికుఁడు ఈ విరోధమును వాక్యరూపమునఁ జెప్పెనని యనరాదు. ఆతని పాటల క్రమము దానిని సూచించుచున్నదని మాత్రము చెప్పవచ్చును. ‘జా లివ్’ దైవమును గూర్చినది. ‘వార్’ రాజు మాటను గూర్చినది. ‘జింబాబ్వే’ జనుల కర్తృత్వమును గూర్చినది. మూఁడవదానికి షాషమనె జన్మస్థానమగుట యాదృచ్ఛికముగాఁ దోఁపదు.

1980 ఏప్రిలు 18వ తేదీన జింబాబ్వే స్వతంత్రమయ్యెను. నాఁడు సాలిస్‌బరీ యనియు, 1982 మొదలు హరారే యనియుఁ బేరుగల నగరమున, రూఫారో క్రీడాప్రాంగణమందు జరిగిన యుత్సవమున మార్లీ పాడెను. వెలుపలఁ గూడిన జనమును జెదరఁగొట్టుటకు వదలఁబడిన బాష్పధూమము లోపలికి వ్యాపింపఁగా సభ కొంతసేపు నిలిచి మరల సాగెను. ఆహ్వానితులకే మొదటి సభ యగుటచే, మఱునాఁడు సామాన్యజనులకై యాతఁడు తిరిగి పాడెను.

ఆ సంవత్సరమే నవంబరు 4వ తేదీన నాతఁడు ఇథియోపియా సనాతనక్రైస్తవసంఘమున బాప్తిస్మము పొంది, త్రిమూర్తుల వెలుఁగను నర్థముగల బెర్హానె సెలాసీ యను నామము గ్రహించెను. 1981 మే 11వ తేదీన ముప్పదియాఱవయేఁట మరణించెను. చివర నాతఁడు రాస్తఫారీమతమును విడిచెనని కొందఱును, విడువలేదని కొందఱును వాదింతురు. చక్రవర్తియు నా సంఘమువాఁడే. ఆ సంఘమును 1970లో జమైకాకుఁ బంపించినవాఁడును నాయనయే. ఆరాధ్యుఁడు మోఁకరిల్లినచోట నారాధకుఁడును మోఁకరిల్లుట విడుచుట యగునా, అనుసరించుట యగునా యనుట పండితులు నిర్ణయింపఁదగినది. రెండవపక్షమే బలవత్తరముగాఁ గానవచ్చుచున్నది.

2000 నవంబరు 5వ తేదీనఁ జక్రవర్తి యవశేషములు అడిస్ అబాబాలోని త్రిత్వదేవాలయమున సమాధి చేయఁబడినవి. 1963లో జమైకారక్షకభటులు రాస్తఫారీయులపై జరిపిన దౌర్జన్యమునకు 2017 ఏప్రిలున నా దేశ ప్రధానమంత్రి శాసనసభయందు క్షమాపణ వేఁడెను. ఆ యేఁడే ఇథియోపియాప్రభుత్వము తన నేలపైఁ జిరకాలముగాఁ గాఁపురమున్న రాస్తఫారీయులకు నివాసగుర్తింపుపత్రము లిత్తునని ప్రకటించెను. పుట్టినదేశము తప్పొప్పుకొనుటయు, వలచినదేశము గుర్తించుటయు నొక్క సంవత్సరముననే జరిగినవి. చక్రవర్తిదానముకంటె నీ గుర్తింపు చిన్నది. కాని యిది దాత మరణించినను మిగిలి, నేల పోయినను వదలక, యర్ధశతాబ్దికాలము తోఁటలు ద్రవ్వి, బిడ్డలను బెంచి, పాఠశాల నడపిన జనులకు లభించినది. ఆ వాక్యమున వారు సంప్రదానము గారు, కర్తలు.